దిక్సూచి ముల్లు వెనక నాలుగు గడియారాలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో పొద్దున్నే టీ తాగుతుంటే, కొట్టు నడిపే అబ్బాయి తన ఫోన్ నా ముందు పెట్టాడు. "మాస్టారూ, ఉత్తర ధ్రువం రష్యా వైపు పారిపోతందంట, భూమి అయస్కాంతం తిరగబడిపోతాదంట, సూర్యుడి తుపానొచ్చి కరెంటు, ఫోన్లు అన్నీ పోతాయంట. నిజవేనేటండి?" వీడియో రెండు నిమిషాలు కూడా లేదు. అందులో ముక్కముక్కగా చూస్తే అబద్ధం పెద్దగా లేదు, ధ్రువం నిజంగానే కదులుతోంది, భూమి అయస్కాంత క్షేత్రం లోగడ నిజంగానే తిరగబడింది, సౌర తుపాను నిజంగానే కరెంటు తీసింది. కాకపోతే ఒకటి గంటల్లో జరిగేది, ఒకటి దశాబ్దాల్లో కనబడేది, ఇంకొకటి లక్షల ఏళ్లకోసారి వచ్చేది. మూడింటినీ ఒకే గ్లాసులో పోసి కలిపేస్తే వచ్చేది టెన్షనే.

వాటిని మళ్లీ విడదీయడమే భూ అయస్కాంత క్షేత్రం మీద పనిచేసే అంతరిక్ష భౌతిక శాస్త్రవేత్త ఉద్యోగం. జీవితమంతా ఆయన ముందుండేది భూమి అయస్కాంత బలం కాలంతో ఎలా మారిందో చూపే ఒక వంకర గీత. అందులో ఎన్నో గడియారాలు ఒకేసారి ఆడుతుంటాయి. ఏ కదలిక ఏ గడియారానిదో తేల్చడానికే ముప్పై ఏళ్లు పడుతుంది.

నానోటెస్లా అంటే ఎంత? ఒక ఫోన్, ఒక బీరువా

ముందు కొలత సంగతి. మీ ఫోన్లో దిక్సూచి యాప్ ఉంటే, అంకెలు చూపించేది వేసుకుని వాకిట్లోకి రండి. మా ఇంటి దగ్గర 42, 43 మైక్రోటెస్లాలు చూపిస్తుంది. మైక్రోటెస్లాకి వెయ్యి నానోటెస్లాలు కాబట్టి, మన జిల్లాలో భూమి అయస్కాంత బలం నలభై వేల నానోటెస్లాల పైచిలుకు. భూమి మొత్తం మీద ఇది సుమారు పాతిక వేల నుంచి అరవై అయిదు వేల దాకా ఉంటుంది. అదే ఫోన్ పట్టుకుని ఇనుప బీరువా పక్కకి వెళ్తే అంకె అరవై దాటేసింది, నాలుగడుగులు వెనక్కొస్తే మళ్లీ మామూలు. ఫ్రిజ్ తలుపు మీద అంటించే చిన్న బొమ్మ అయస్కాంతం, దానికి ఆనుకుని కొలిస్తే, సుమారు యాభై లక్షల నానోటెస్లాలు.

(ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే రక్తంలో ఇనుమును భూమి లాగేస్తుందని ఒక సైన్సు చెబుతుంటారు కదా. రక్తంలో ఉన్న ఇనుము మేకులో ఇనుములాంటిది కాదు, అయస్కాంతానికి అంటుకోదు. భూమికి వేల రెట్లు బలమైన ఎమ్మారై మిషన్లో జనం అరగంటసేపు పడుకుని లేచి వస్తున్నారు. పెద్దల మాట పాటించాలనుకుంటే పాటించండి, అయస్కాంతాన్ని మాత్రం సాక్షిగా పిలవకండి.)

శాస్త్రవేత్తలు వెతికే మార్పులు ఈ నలభై వేలలో ముప్పై, నలభై నానోటెస్లాలు. వెయ్యో వంతు. ఫోన్‌కి అది అస్సలు అందదు. అందుకే కొలిచే చోట బీరువా ఉండకూడదు, మోటారు సైకిలు రాకూడదు, కట్టడంలో ఇనుప ఊచ కూడా ఉండకూడదు.

గీతలో కలిసిపోయిన నాలుగు రకాల మార్పులు

అన్నిటికంటే నెమ్మదిది భూమి లోపలిది. మన కాళ్ల కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతున కరిగిన ఇనుము ఉంది, అది సుడులు తిరుగుతూ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే అయస్కాంతం. ఇనుము కదులుతున్నంత కాలం క్షేత్రం కూడా మారుతూ ఉంటుంది. లండన్‌లో 1580 ప్రాంతంలో దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి 11 డిగ్రీలు తూర్పుగా ఉండేది, 1820 వచ్చేసరికి 24 డిగ్రీలు పడమరకి వెళ్లిపోయింది. ముల్లుకీ అసలు ఉత్తరానికీ మధ్య ఉండే ఈ తేడాని దిక్పాతం అంటారు. మన ఉత్తరాంధ్రలో అది ఇప్పుడు ఒక డిగ్రీ లోపే, అందుకే మన పడవలవాళ్లకి, సర్వేయర్లకి దీనితో తలనొప్పి తక్కువ. అలస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ విమానాశ్రయంలో అయితే 2009లో రన్‌వే అంకెలు చెరిపి కొత్తవి రాయాల్సి వచ్చింది. ఆ అంకె దిక్సూచి చూపే డిగ్రీల్లోంచి చివరి సున్నా తీసేసింది, ముల్లు జరిగితే అంకె తప్పయిపోతుంది మరి. భోగాపురం రన్‌వేకి ఆ ఇబ్బంది ఇప్పట్లో రాదు.

రెండోది రోజువారీది, నాకు మాత్రం అన్నిటికంటే ముద్దొచ్చేది ఇదే. 1722లో లండన్‌లో జార్జ్ గ్రాహం అనే గడియారాల తయారీదారు పొడుగాటి ముల్లును ఓపిగ్గా చూస్తూ కూర్చుంటే, పొద్దున్నుంచి సాయంత్రానికి అది కొంచెం అటు జరిగి ఇటు రావడం కనబడింది. కారణం మన నెత్తిమీద వంద కిలోమీటర్ల పైన ఉంది. పగలు ఎండకి అక్కడి గాలి అణువులు చిట్లి కరెంటు పారనిచ్చే పొర తయారవుతుంది, ఆ పొరని గాలులు భూ అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా తోస్తే అందులో కరెంటు పుడుతుంది. డైనమో అంటే ఇదే కదా, తీగ బదులు గాలి. ఆ కరెంటు అయస్కాంతం నేల మీద మధ్యాహ్నానికి కాస్త ముందు బాగా తెలుస్తుంది, పొద్దు కుంకాక సద్దుమణుగుతుంది.

దక్షిణాదిలో దీనికి ఒక ప్రత్యేకత ఉంది. అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే రేఖ, అంటే అయస్కాంత భూమధ్యరేఖ, మన దేశపు దక్షిణ కొస దగ్గర నుంచి పోతుంది. దాని మీదుగా అటూ ఇటూ మూడేసి డిగ్రీల వెడల్పున పగటిపూట కరెంటు కాలవ కట్టినట్టు పారుతుంది. ఈ కాలవకి ఎలక్ట్రోజెట్ అని 1951లో సిడ్నీ చాప్‌మన్ పేరు పెట్టాడు. విక్రం సారాభాయ్ బృందం రాకెట్ కేంద్రానికి త్రివేండ్రం పక్కన తుంబ అనే జాలరిపల్లెని ఎంచుకున్నది ఇది సరిగ్గా నెత్తిమీద పారుతుందనే. 1963 నవంబరు 21న అక్కడి నుంచి మొదటి రాకెట్ వెళ్లింది. ఈ కాలవ బలం ఎంతో తెలియాలంటే నేటికీ చేసే లెక్క చాలా సులువు: కాలవ కింద ఉన్న తిరునెల్వేలిలో కొలిచిన మార్పులోంచి, కాలవకి దూరంగా ముంబయి దగ్గరున్న అలీబాగ్‌లో కొలిచిన మార్పు తీసేయడం. ఉదాహరణకి మధ్యాహ్నానికి తిరునెల్వేలిలో 100 నానోటెస్లాలు పెరిగి అలీబాగ్‌లో 40 పెరిగితే, కాలవ వంతు 60. కొన్ని రోజులు ఆ తీసివేత ఫలితం సున్నా కంటే కిందికి పోతుంది, అంటే కాలవ ఎదురు పారింది. ఎందుకు పారుతుందన్నదాని మీద చంద్రుడి ఆకర్షణతో వచ్చే గాలి ఆటుపోట్లని కొందరు, ధ్రువాల పైన వాతావరణం ఉన్నట్టుండి వేడెక్కడం అని కొందరు అంటారు, రెండూ కలిసి కూడా కావచ్చు. మన విశాఖపట్నంలో కూడా ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమాగ్నెటిజం వాళ్ల కేంద్రం ఉంది, కాలవకి బాగా ఉత్తరాన కాబట్టి అక్కడ గీత కొంచెం శాంతంగానే ఉంటుంది.

మూడో గడియారం సూర్యుడిది. సూర్యుడి మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, మచ్చలు ఎక్కువైన ఏళ్లలో అయస్కాంతపు అలజడీ ఎక్కువే. దీని లోపల ఇంకో చిన్న లయ ఉంది, ఏటా మార్చి, సెప్టెంబరు-అక్టోబరు నెలల దగ్గర అయస్కాంత తుపాన్లు (సూర్యుడి దెబ్బకి భూమి క్షేత్రం కలతపడటం) ఎక్కువ వస్తాయి. ఆ రోజుల్లో భూమి వంపు సూర్యుడి గాలికి, అంటే సూర్యుడి నుంచి ఎడతెగక వచ్చే విద్యుత్తు కణాల ప్రవాహానికి, వీలైన కోణంలో ఉంటుందని 1973లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. మన అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు పడేదీ మార్చి, అక్టోబరు నెలల్లోనే. రెండింటికీ మూలం పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల చుట్టూ ఉండే జ్యామితే, అంతకు మించి సంబంధం లేదు. దయచేసి ఈ పేరాని కత్తిరించి ఎవరికీ పంపకండి.

నాలుగోది తుపాను. దాన్ని ఒక రాత్రి కథగా చెబితేనే బాగుంటుంది.

2024 మే 10 రాత్రి ఏం జరిగింది

ఆ రోజులు మనకి బాగా గుర్తుంటాయి, మూడు రోజుల్లో పోలింగు, మైకులు, జెండాలు, ఎండ. ఎవరికీ ఆకాశం వైపు చూసే తీరిక లేదు. సూర్యుడి మీద ఒక పెద్ద మచ్చల గుంపు అంతకు రెండు మూడు రోజుల ముందే వరసగా విద్యుత్తు నిండిన వాయువుల్ని విసిరింది. వెలుగు మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాలు చాలు, ఈ వాయువుకి మాత్రం ఒకటి నుంచి మూడు రోజులు. మన టైము ప్రకారం 10వ తేదీ రాత్రి పదిన్నర దాటాక అది భూమికి తగిలింది.

గీతలో ముందు ఒక చిన్న ఎగురు కనబడుతుంది. సూర్యుడి గాలి వచ్చి గుద్దుకుని భూమి క్షేత్రాన్ని నొక్కేస్తుంది కదా, ఆ నొక్కుడుకి విలువ ఒక్కసారి పైకి లేస్తుంది. తర్వాతే అసలు పతనం. వచ్చిన వాయువులోని అయస్కాంతం దక్షిణం వైపు తిరిగి ఉంటే భూమి క్షేత్రం తలుపు తీసినట్టే, కణాలు లోపలికి వచ్చి భూమి చుట్టూ వడ్డాణంలా తిరుగుతాయి. ఆ వడ్డాణపు కరెంటు భూమి అయస్కాంతానికి ఎదురు అయస్కాంతం. కాబట్టి మన దగ్గర విలువ పడిపోతుంది. ఆ రాత్రి తెల్లారేసరికి, ప్రపంచవ్యాప్తంగా తీసే సగటు సూచీ ప్రకారం, పతనం సుమారు 400 నానోటెస్లాలు. తీవ్రతను ఒకటి నుంచి అయిదు దాకా లెక్కేస్తే ఇది అయిదు, 2003 అక్టోబరు తర్వాత అయిదుకి చేరింది ఇదే మొదటిసారి. కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఎగరేసే హెచ్చరిక నెంబర్ల లాంటిదే ఈ లెక్క కూడా, పదో నెంబరు అంటే మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడి ఫొటోలకెక్కింది.

మరి ఆ రాత్రి మన దిక్సూచి ఎంత తిరిగి ఉండాలి? నలభై వేలలో నాలుగొందలు అంటే ఒక శాతం. ఆ నాలుగొందలూ పూర్తిగా పక్క నుంచి లాగినా ముల్లు అర డిగ్రీ చిల్లర తిరుగుతుంది. కానీ వడ్డాణపు లాగుడు పక్కకి కాదు, ఎక్కువగా ఉత్తర దక్షిణాల వెంటే. అంటే ముల్లు దాదాపు తిరగదు, దాన్ని నిలబెట్టే బలం మాత్రం ఒక పిసరు తగ్గుతుంది. మన పల్లెల్లో సాధారణ దిక్సూచి పట్టుకున్న ఏ మనిషికీ ఆ రాత్రి ఏమీ తెలియలేదు, అది దిక్సూచి లోపం కాదు.

జీపీఎస్‌కి మాత్రం తెలుస్తుంది. ఉపగ్రహ సంకేతం మన నెత్తిమీద ఉన్న ఆ కరెంటు పారే పొరలో నుంచే రావాలి, పొర కలత చెందితే సంకేతం ఆలస్యమై స్థానం తప్పు చూపిస్తుంది. అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు విత్తనాలు వేయలేక ఆగిపోయాయి. వేరావల్ వెళ్లి గుజరాత్ బోట్లలో వేట చేసే మన జిల్లా కుర్రాళ్లు కూడా ఇప్పుడు నమ్ముకునేది జీపీఎస్ పెట్టెనే, నక్షత్రాన్ని కాదు.

ఒక ఉద్యోగ జీవితం ఎలా ఉంటుంది: నానాభాయ్ మూస్

ఈ పని ఎలాంటిదో చెప్పడానికి నాకు తట్టే మనిషి బొంబాయి పార్సీ, నానాభాయ్ ఫ్రాంజీ మూస్. ఆయన 1859 అక్టోబరులో పుట్టాడు. అంతకు రెండు నెలలు కూడా ముందు కాదు, సెప్టెంబరు 2న, చరిత్రలోకెల్లా పెద్దదని చెప్పే అయస్కాంత తుపాను వచ్చింది, దాన్ని నమోదు చేసిన చోట్లలో బొంబాయి కొలాబా ఒకటి. 1896లో ఆ కొలాబా అబ్జర్వేటరీకే ఆయన మొదటి భారతీయ డైరెక్టర్ అయ్యాడు.

ఆయన డైరెక్టర్‌గా ఉండగానే బొంబాయిలో గుర్రపు ట్రాముల బదులు కరెంటు ట్రాములు తెద్దామన్నారు. ఊరికి అది పండగ, అబ్జర్వేటరీకి చావు, ఎందుకంటే ట్రాము నడిపే కరెంటు నేలలోంచి తిరిగి వస్తూ ముల్లుల్ని ఆడిస్తుంది. కొలతల చోటు మార్చక తప్పలేదు. ఊరికి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న అలీబాగ్‌ని ఎంచుకున్నారు. ఇనుము లేని రాళ్లతో, రాగి, ఇత్తడి మేకులతో గదులు కట్టారు, 1904లో అక్కడ కొలతలు మొదలయ్యాయి. నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, కొలాబాని వెంటనే మూసేయలేదు, 1904 నుంచి 1906 దాకా రెండు చోట్లా ఒకేసారి కొలిచారు. ఎందుకో మన ఇళ్లలో అర్థమయ్యేట్టు చెబుతా. పాత తూకం రాయి మార్చి కొత్తది తెచ్చుకున్నామనుకోండి, రెండింటితోనూ కొన్నాళ్లు ఒకే బియ్యం తూచి తేడా ఎంతో రాసుకోకపోతే, పోయినేడాది లెక్కకీ ఈ ఏడాది లెక్కకీ సంబంధం తెగిపోతుంది. ఆ రెండేళ్ల పనివల్లే 1840ల నుంచి నేటి దాకా ఒకే దారం తెగకుండా ఉంది. 1846 నుంచి 1905 వరకు కొలాబా లెక్కలన్నిటినీ విశ్లేషించి 1910లో మూస్ రెండు పెద్ద సంపుటాలు తెచ్చాడు. 1919లో రిటైరయ్యాడు.

అరవై ఏళ్ల గీతలంటే సూర్యుడి పదకొండేళ్ల చక్రాలు అయిదు. ఒక మనిషి ఉద్యోగ కాలంలో మూడే వస్తాయి, మహా అయితే మూడున్నర. కాబట్టి ఈ రంగంలో ఎవరూ తమ సొంత కొలతలతో బతకరు, సగం జీవితం ఎప్పుడో పోయిన ఎవరివో రాతలు నమ్మాలా వద్దా అని చూడ్డంతో గడుస్తుంది. మిగతా సగం తీసివేతలు. ప్రతి నెలా ప్రపంచమంతా ఒప్పుకున్న అయిదు ప్రశాంతమైన రోజులు, అయిదు కలతపడ్డ రోజులు ఉంటాయి, ప్రశాంతమైన రోజుల సగటు తీసి మిగతావాటిలోంచి తగ్గిస్తే తుపాను వంతు మిగులుతుంది, దానిలోంచి ఎలక్ట్రోజెట్ వంతు, మళ్లీ సముద్రపు ఉప్పునీళ్లలో పుట్టే కరెంటు వంతు... ఇంటి ఖర్చులో పాల లెక్క, కిరాణా లెక్క విడదీసినట్టే, కాకపోతే ఇక్కడ చీటీలు ఎవరూ రాసి ఇవ్వరు.

1859 తుపాను ఎంత పెద్దది? ఇప్పటికీ తెగని తగువు

సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి మచ్చల మీద తెల్లటి మెరుపు చూశాడు. పదిహేడు గంటల చిల్లరలో భూమి మీద తుపాను, టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు. సూర్యుడే కారణమా? 1892లో కూడా లార్డ్ కెల్విన్ అంతటి భౌతిక శాస్త్రవేత్త అది ఊరికే కలిసొచ్చిందన్నాడు, సూర్యుడికి అంత శక్తి పంపడం సాధ్యం కాదని ఆయన లెక్క. లెక్క తప్పు కాదు, సూర్యుడు నేరుగా అయస్కాంతంలా లాగితే అంత శక్తి కావాలి నిజమే. వాయువు ప్రయాణం చేసి వస్తుందని ఆయనకి తట్టలేదు.

2003లో కొందరు శాస్త్రవేత్తలు, వాళ్లలో మన దేశంవాళ్లూ ఉన్నారు, కొలాబా రాతలు తిరిగి తీశారు. ఆ రోజుల్లో మనిషి గంటకోసారి కంటితో చూసి రాసేవాడు, ముల్లు విపరీతంగా కదులుతుంటే పదిహేను నిమిషాలకి, అయిదు నిమిషాలకి కూడా. ఆ రాతలో పతనం సుమారు 1,600 నానోటెస్లాలు. 2024 తుపానుకి నాలుగు రెట్లు. వడ్డాణపు కరెంటు అంత బలంగా ఉందని ఒక వర్గం వాదన.

ఇంకో వర్గం అడిగేది ఇది: అంత పడిపోయిన విలువ అంత తొందరగా ఎలా తేరుకుంది? వడ్డాణం సద్దుమణగడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. బొంబాయిలో అప్పుడు మధ్యాహ్నం కావస్తోంది, ధ్రువాల దగ్గర ఉండాల్సిన కరెంట్లు ఆ పూట బాగా కిందికి దిగి కొలాబా గీతని తాత్కాలికంగా లాగాయేమో అని వాళ్ల అనుమానం. పైగా మిగతా తుపాన్లని గంట సగటుతో కొలుస్తున్నప్పుడు దీన్నొక్కదాన్నీ అయిదు నిమిషాల లోతుతో పోల్చడం న్యాయం కాదంటారు, గంట సగటు తీస్తే 850 దగ్గరే వస్తుంది. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌ని చీకటి చేసిన తుపాను ఈ కొలతలో 590 దగ్గర. నాకు రెండో వాదన పోలిక విషయంలో గట్టిగా అనిపిస్తుంది, కానీ ఎలా చూసినా 1859దే పెద్దది.

మన కరెంటు పోతుందా?

క్యూబెక్‌లో నిమిషంన్నరలో గ్రిడ్ కూలింది, అరవై లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు లేదు. కారణం ఇలా: అయస్కాంతం వేగంగా మారితే నేలలో వోల్టేజీ పుడుతుంది. కిలోమీటరుకి ఒక వోల్టు అనుకుందాం, మూడొందల కిలోమీటర్ల లైనుకి మూడొందల వోల్టులు, లైను నిరోధం మూడు ఓమ్‌లైతే వంద ఆంపియర్లు. లక్షల వోల్టుల లైనుకి మూడొందలు లెక్క కాదు, కానీ ఇది దాదాపు డీసీ, అంటే ఒకే వైపు పారే కరెంటు, ట్రాన్స్‌ఫార్మర్ తయారైంది అటూ ఇటూ మారే ఏసీ కోసం. డీసీ దూరితే దాని ఇనుప గుండె అయస్కాంతంతో నిండిపోయి వేడెక్కుతుంది.

మన అక్షాంశాల్లో ఆ వోల్టేజీ ఇంతకంటే చాలా తక్కువ కాబట్టి భయం లేదని చాలామంది ఇంజనీర్ల మాట. కాదు, 2003 తుపాన్ల తర్వాత ధ్రువాలకి దూరంగా ఉన్న దక్షిణాఫ్రికాలో కూడా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు పాడయ్యాయి, మన లైన్లు ఏటికేడాది పొడుగవుతున్నాయి, కొలిచి చూసుకోవాలి అని ఇంకొందరు. ఇద్దరూ ఒప్పుకునేది మాత్రం ఒకటుంది, 2018లో తిత్లీ ఉద్దానంలో చేసినట్టు ఇది స్తంభాలు పెరికి రోజుల తరబడి చీకటి చేయదు. ముందే హెచ్చరిక వస్తే లోడు తగ్గించి కాచుకోవచ్చు. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల ముందు కాపలా ఉన్న ఉపగ్రహాలు అందుకే, మన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి నుంచి అక్కడే ఉంది. అక్కడి నుంచి కబురు, తుపాను మనకి తగలడానికి అరగంట, గంట ముందు వస్తుంది, అంతే.

ధ్రువం పరుగు, తిరగబడటం

టీ కొట్టు వీడియోలో మిగిలిన రెండు ముక్కలు త్వరగా చెప్పేస్తాను. ఉత్తర అయస్కాంత ధ్రువాన్ని 1831లో కెనడా ఉత్తరాన జేమ్స్ క్లార్క్ రాస్ అనే బ్రిటిష్ నావికుడు కనుక్కున్నాడు. చాలాకాలం నెమ్మదిగా నడిచి, 1990ల తర్వాత ఏడాదికి యాభై కిలోమీటర్ల పైన పరిగెత్తి, ఇప్పుడు కొంచెం నెమ్మదించి సైబీరియా వైపు వెళ్తోంది. కెనడా కిందా, సైబీరియా కిందా ఉన్న రెండు బలమైన అయస్కాంత ప్రాంతాల మధ్య తాడు లాగుడు పోటీ ఇది, కెనడా పట్టు సడలింది. శ్రీకాకుళంలో ముల్లుకి దీని వల్ల వచ్చే తేడా కంటితో పట్టలేం.

తిరగబడటం చివరిసారి సుమారు 7.8 లక్షల ఏళ్ల కిందట జరిగింది, అదీ రాత్రికి రాత్రి కాదు, వేల ఏళ్లు. గత రెండొందల ఏళ్లలో క్షేత్రం సగటున తొమ్మిది శాతం తగ్గింది, దక్షిణ అట్లాంటిక్ మీద బాగా పలచబడింది, ఇది మొదలు కావచ్చని కొందరు. ఇప్పటి బలం దీర్ఘకాలపు సగటు కంటే ఎక్కువే, ఇలాంటి పలచనలు లోగడ వచ్చి పోయాయి అని ఇంకొందరు. రాళ్లలో దాగిన పాత అయస్కాంతాన్ని చదివేవాళ్లలో రెండోవైపు వాళ్లే ఎక్కువ కనబడతారు.

ఇదంతా చెప్పాక ఆ అబ్బాయి అడిగాడు, "అంటే ఇప్పుడు అన్నీ మిషన్లే కొలిసేస్తాయి కదండి, మనిషి కెందుకు మరి?" మిషన్ మార్పుని బాగా చెబుతుంది, అసలు విలువ ఎంతో దానికి తెలియదు, వేడికి, తేమకి నెమ్మదిగా జారిపోతుంటుంది. అందుకే అలాంటి కేంద్రాల్లో ఇప్పటికీ ఒక మనిషి తాళాలు, బెల్టు, ఫోను, ఇనుము ఉన్న కళ్లజోడు బయట పెట్టి ఆ గదిలోకి వెళ్లి, ఇనుము లేని థియోడొలైట్‌తో (కోణాలు కొలిచే దుర్భిణీ పరికరం) చేతి కొలత తీసి, మిషన్ ఎంత జారిందో కాగితం మీద రాసి వస్తాడు.